నవంబరుకు నలభై

"పిల్లోడికి ఎన్నేళ్ళక్కా?" అన్నాడు షాపు కుర్రోడు,
అద్దాల బీరువాలోంచి ఎర్ర విమానం తీస్తా.
"ముప్పై తొమ్మిది. నవంబరుకు నలభై."
నవ్వబోయి, నా ముఖం చూసి,
పెట్టె మీద దుమ్ము తుడిచినాడు.

ఎర్రది బాగుంది. బాగుండటమే దాని పని.
కిందికి దిగిన రెక్కలు, ముక్కున కత్తి లాంటి ఫ్యాను,
యుద్ధానికి పొయ్యేదాని మాదిరి చారలు.
తొమ్మిదివేల నాలుగొందలు.
నా దగ్గరుండేది ఆరువేల రెండొందలు.
జూన్, జూలై, గుజ్జు ఫ్యాక్టరీలో రాత్రి డ్యూటీలు.
తోతాపురి తీపిని చుక్కచుక్కగా అద్దం మీద పోసి
పదహారు, పదిహేనున్నర, మళ్ళీ పదహారు అని
నిద్రకళ్ళతో రాసిన అంకెల డబ్బు.
గ్యాసుబండ పోగా, పాలచీటీ పోగా,
మరిది చేబదులు పోగా మిగిలింది.
మిగిలిందంటే నాదే.
ఈ మాట చర్చివీధి నుంచి ఇంటికొచ్చేదాకా
నాకు నేనే నాలుగుసార్లు చెప్పుకున్నా.

మురకంబట్టు దాటినాక బీడులో
ఆదివారాలు ఎగరేసే దొరైరాజు సారును అడిగితే
ఆయన విమానం సంగతే ఎత్తలేదు.
"మొదటిది విరుగుతుందమ్మా. రెండోదీ విరుగుతుంది.
విరగనిది చేతిలో ఉండే రిమోటొక్కటే.
డబ్బు దాని మీద పెట్టు.
ఎగిరేదానికి అట్టముక్క చాలు."
రెక్క పైన ఉండాలంట,
కింద బరువు వేలాడితే తనంతట తానే సర్దుకుంటుందంట.
ఫ్యాను వెనక ఉండాలంట,
ముక్కు నేలకు గుద్దినా అది బతుకుతుందంట.
"నిదానంగా పొయ్యేదాన్ని ఎంచుకో.
నువ్వు తప్పు చేసినా అది నీకు టైమిస్తుంది."

తప్పుకు టైమిచ్చేది!
మా ఫ్యాక్టరీలో బెల్టు ఆగదు.
మా ఇంట్లో కుక్కరు ఆగదు.
ఆ రాత్రి చాలాసేపు ఆ ఒక్క మాటనే
బుగ్గన పెట్టుకున్న పటికబెల్లం మాదిరి
కరగనిచ్చినా.

ఆయన పాత రిమోటు రెండువేల ఎనిమిదొందలకు ఇచ్చినాడు,
ఒక మూల అరిగింది, యాంటెన్నాకు నల్ల టేపు.
మోటారు, బ్యాటరీ, అగ్గిపెట్టెంత సర్వోలు రెండు
తిరుపతి నుంచి ఆర్టీసీ పార్శిల్లో వచ్చినాయి.
ఛార్జరు కొన్నాక యాభై రూపాయలు.
ఆ నోటు పట్టుకొని గిరింపేటలో జిలానీ ఫ్లెక్సు షాపుకు పోతే
"చెత్తకు డబ్బేందమ్మా" అని
తప్పు ప్రింటయిన ఫోమ్ బోర్డు రెండు ముక్కలిచ్చినాడు.
ఎవరిదో పుట్టినరోజు. ఎవరో ఆయన పేరులో ఒత్తు మరిచినారు.

వంటగది గట్టు మీద, అందరూ పడుకున్నాక,
బ్లేడుతో కోసి, వేడి జిగురుతో అతికించినా.
ఎడమ రెక్క మీద "హార్దిక"
కుడి రెక్క మీద "శుభాకా"
తోక మీద ఒక నాయకుడి చెవి, సగం మీసం.
బరువు సరిపోక ముక్కులో
కాటాకు పనికిరాని పాత ఐదురూపాయల బిళ్ళలు మూడు.
అంతా కలిపి మా ఇంటి కొబ్బరికాయంత బరువు లేదు.

ఆదివారం, గాలి లేవకముందు,
దొరైరాజు సారు విసిరినాడు.
పోయింది. నిజంగా పోయింది.
నా బొటనవేలు జరిగినంత
ఆకాశంలో అది జరిగింది.
మామిడితోపు అంచు దాకా పోయి మళ్ళుకుంది,
నా వైపే వస్తా ఉంది,
కుడికి తిప్పినా, ఎడమకు పోయింది.
ఎదురొచ్చేటప్పుడు కుడి ఎడమవుతుందని
సారు చెప్పడం మరిచిపోయినాడు.
పదకొండు సెకన్లు. ఆ తరువాత కానుగచెట్టు.

మేకలు తోలే పిల్ల చెట్టెక్కి
దొరికినంత కిందికి పడేసింది.
మోటారు బాగుంది. ఐదురూపాయలు మూడూ ఉన్నాయి.
ఎడమ రెక్క విరిగి "హా" ఒక్కటే చేతికొచ్చింది,
మిగతా అక్షరాలు కొమ్మల్లోనే ఉండాయి.
నా ఇంకో చేతిలో రిమోటు,
దాని మీద చిన్న పచ్చలైటు
ఏమీ జరగనట్టు
వెలుగుతానే ఉంది.