మోత మీట

గోడలకు స్పాంజి. తలుపు మూస్తే
నా ఊపిరి నాకే బరువు.
పైవి అనే ఆ పిల్ల చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించి
చేతిలో రెండు మీటల పెట్టె పెట్టింది.

"ఒకాయన కథ చదువుతాడు, వొయిత్తో గారూ.
వెనక పన్నెండు మంది ఒకేసారి మాట్లాడుతుంటారు.
వాళ్ళ గోల పెంచుతూ పోండి,
కథ వెంట అలసట లేకుండా నడవగలిగినంతవరకు.
ఎంత వినబడిందన్నది ఇందాకే చూశాం.
ఇప్పుడు, ఎంత ఓర్చుకుంటారన్నది."

డెబ్బై తొమ్మిదేళ్ళలో
ఇలా నన్నెవరూ అడగలేదు.

కథలో ఎవడో పడవకు తారు పూస్తున్నాడు.
వెనక తేనెపట్టు కదిపినట్టు జనం.
కింది మీట నొక్కాను.
మళ్ళీ నొక్కాను.
పడవవాడూ నేనూ మిగిలేదాకా నొక్కాను.

సరస్సు మీద దుంగలు తోలినవాణ్ణి నేను.
పొగమంచులో అవతలి ఒడ్డున గొడ్డలి పడితే
అది దేవదారు మీదో భూర్జం మీదో చెప్పేవాణ్ణి.
నలుగురం పడవలో, పూటకు నాలుగు మాటలు,
అందులో రెండు వాతావరణం గురించి.
చివరి పదకొండేళ్ళు ఇంజను పక్కన నిలబెట్టారు.
నా చెవులు తిన్నది అదే.
తిన్నదాన్ని క్షమించాను గాని
మోతను మాత్రం క్షమించలేదు.

తర్వాత హిల్కా కూర్చుంది.
టాంపెరే మిల్లులో ముప్ఫై ఒక్క ఏళ్ళు,
నూట నలభై మగ్గాల మధ్య.
పై మీట. పై మీట. పై మీట.
పైవి గాజు వెనకనుంచి చెయ్యి ఊపింది, చాలా అని.
"ఉండమ్మా, ఆ పడవ నీళ్ళలో దిగిందో లేదో తెలియాలి," అంది మా ఆవిడ.

ఆవిడ అంకె రెండు. నాది పద్దెనిమిది.
చిన్న అంకెవాళ్ళ మిషన్లు చెవుల్లో ఉంటాయట, చాలామటుకు.
పెద్ద అంకెవాళ్ళవి సొరుగుల్లో.
పైవి నా వంక చూడకుండానే చెప్పింది.
మా ఇంట్లో సొరుగు కాదు, కాఫీ డబ్బా.

రెండో జత ఇచ్చింది, కొంచెం మెత్తగా బిగించి.
మొదట ఇంట్లో గంట, తర్వాత మెట్ల మీద, తర్వాత ట్రాము.
ఇంట్లోనే ఓడిపోయాను తొలిరోజు.
రై రొట్టె నములుతుంటే
కంకర మీద ఎవరో బూట్లతో నడిచారు.
వార్తాపత్రిక మడత విప్పితే ఉలిక్కిపడ్డాను.
"ఈ ఫ్రిజ్‌కేమైంది?"
"ఆరేళ్ళుగా మొత్తుకుంటోంది," అంది హిల్కా,
"నీకు ఇవాళ చెప్పుకుంది."

ఐదో వారం, శనివారం, మార్కెట్ హాలు.
పళ్ళాలు, చెంచాలు, కుర్చీ కాళ్ళు,
ఎవరి పిల్లాడో నేలనంతా డప్పు చేసి.
నల్ల సాసేజి మీద లింగన్‌బెర్రీ జామ్ వేస్తూ
హిల్కా నాతో ఏదో అంది.
పెదాలు కదిలాయి. మాట రాలేదు.

బ్యాటరీ అనుకున్నాను.
కుడి చెవి తట్టాను. ఎడమది తట్టాను.
మళ్ళీ అంది. మళ్ళీ ఏమీ లేదు.
చెంచాలు మాత్రం నిక్షేపంగా మోగుతున్నాయి.
డబ్బాలోకే ఇవి, అని చెవి దాకా చెయ్యి పోయింది.

అప్పుడు పగలబడింది.
మిల్లు భాష అది. మగ్గాల కింద
గొంతు ఖర్చు లేకుండా ఆడవాళ్ళు చెప్పుకున్నది.
మాటే లేదు అందులో వినడానికి.
యాభై రెండేళ్ళ కాపురంలో
ఇంత దొంగతనం నాకు తెలియదు.

ఆ నవ్వు మాత్రం
చెంచాల్నీ కుర్చీల్నీ తోసుకుంటూ వచ్చింది.
కొంచెం కరకుగా, నేను గుర్తుంచుకున్నంత సన్నగా కాదు.

చెయ్యి ఎలాగూ చెవి దగ్గరే ఉంది.
పై మీట నొక్కాను, ఒక్కసారి.
డప్పు పిల్లాడు ఇంకా పెద్దవాడయ్యాడు.
పళ్ళు బిగపట్టాను.

"ఇప్పుడు చెప్పు," అన్నాను, "ఏమన్నావు?"
"ఉప్పు," అంది హిల్కా.