గో-స్లో

థర్డ్ మెయిన్‌లాండ్ వంతెన మీద
పసుపు డాన్ఫో ఆగి నలభై నిమిషాలు.
ఎబియెరె ఒళ్లో నోటుబుక్కు:
అడ్డంగా దూరం, నిలువుగా కాలం,
గీతకో సాంద్రత.
పుట్టినప్పుడు మూటగట్టుకున్నదాన్ని
ఏ గీతా దారిలో దించదు.
దాని వాలుని తేల్చేదీ ఆ మూటే.

పల్చటి గీతలు తొందరపడి
చిక్కటివాటి మీదికొచ్చి పడ్డాయి.
ఒకే బిందువుకి రెండు జవాబులు.

బయట అరటి చిప్స్ అమ్మే పిల్ల
కార్ల సందుల్లోంచి వెనక్కి వెళ్తోంది.
ఆమె పక్కనే, అదే నడకతో,
ఎర్ర బ్రేకు దీపాలు.
బండి ఒక్కటీ వెనక్కి రాలేదు.
ఆగిపోవడమే వెనక్కి నడుస్తోంది.

"ముందేమైంది?" అడిగారెవరో.
"ఏమీ కాలేదు," అన్నాడు
తలుపుకి వేలాడుతున్న సికిరు.

గీతలు గుద్దుకున్నచోట ఎబియెరె
ఒత్తి ఒకే గీత గీసింది.
అటు ఒక జవాబు, ఇటు ఒకటి.
పెన్సిలు ముక్కు విరిగింది.