సగం వేడి

వేట మూసిన నాడు
ఇంజిన్ని ఇద్దరం భుజాన మోసుకొచ్చి
వలల పాకలో చెక్కగుర్రానికి బిగించేం.
తెప్పని ఇసుక మీద పైకి లాగి
తాటాకులు కప్పేం.
ఇక అరవై ఒక్క రోజులు
బందరువానిపేటలో సముద్రానికి
చప్పుడు దానిదొక్కటే.

ఇంజిను దించిన చేతులు తుడుచుకోక ముందే
మాటొచ్చింది.
కోనాం అమ్మిన డబ్బులు,
నాలుగు వేల రెండొందలు.
అప్పట్నుంచి నేనో పూట, కామేశో పూట
రేవుకి.
పాకకి తాళం ఒకటే, చెవులు రెండు.
ఒకటి నా మొలతాడుకి, ఒకటి వాడి మొలతాడుకి.

మా అయ్య అనేవోడు:
"ఇంజినంటే మనిషిరా.
వారానికోసారి పలకరించకపోతే
గొంతు పూడిపోతాది."
అందుకే ఆదివారం ఆదివారం
నీలి డ్రమ్ము నిండా మంచినీళ్లు పోసి
దాని కాలు అందులో ముంచి
తాడు లాగేవాణ్ని.
పది నిమిషాలు.
పాకంతా పొగ,
వలల్లోంచి పాత ఉప్పు రాలేది.

"మనుసులకే నీల్లు లేవు.
టేంకరు మూడో నాటికి గాని రాదు.
దీనికి తానమేటి?"
బిందె చంకనెత్తుకుని దానమ్మ.
నిజమే.
నిజమని తెలిసే బకెట్టు ఎత్తేవాణ్ని.

ప్లగ్గు కోసం కళింగపట్నం వెళ్తే
మెకానిక్ మదీను నవ్వేడు.
"పది నిమిషాలా?
అది పలకరింపు కాదు, గిల్లుడు.
ఏడెక్కీ ఎక్కకముందే ఆపేస్తే
లోపల సెమట పడతాది, ఆరదు.
ఆ సెమటే తుప్పు.
నడిపితే సముద్రమ్మీద నడిపినట్టు నడుపు,
బరువు మొయ్యాల, ఒళ్లు కాలాల.
నేకపోతే పెట్రోలు వంచేసి
నాలుగు సుక్కలు ఆయిలు పోసి
గుడ్డ కప్పి ఊరుకో.
ఊరుకోడం కూడా పనే."

ఎవరి మాట వినాలి?
అయ్య ఇంజిను ఎన్నడూ
రెండు నెలలు పడుకున్నది కాదు.
మదీను ఎన్నడూ తెప్పెక్కినోడు కాదు,
వాడికి గట్టు మీదే కళ్లు తిరుగుతాయి.

మూడో ఆదివారం
వద్దు వద్దనుకుంటూనే పాక తీసేను.
గుడ్డ ఎత్తి హెడ్డు మీద చెయ్యి వేసేను.

వెచ్చగా ఉంది.
జ్వరం దిగుతున్న పిల్లాడి నుదురులా.

డ్రమ్ము నీళ్ల మీద
నూనె రంగులు ఇంకా తిరుగుతున్నాయి.
గుమ్మం బయట ఇసుకలో అడుగులు,
ఎడమ మడమ లోతు.
కుడికాల్లో గాలం దిగిన దగ్గర్నుంచీ
కామేశు అలాగే నడుస్తాడు.

అంటే వాడూ.
నేను ఆర్పి వెళ్లిన దాన్ని వాడు,
వాడు ఆర్పి వెళ్లిన దాన్ని నేను
మూడు వారాలుగా సగం కాచి, సగంలో వదిలి,
లోపల ఎంత చెమట పట్టిందో.

రేవులో ఎదురైతే "తిన్నావా?" అంటాడు.
"ఊఁ" అంటాను.
గాలి ఎటుందంటే అటుందంటాను.
అంతే.

ఆ రోజు తాడు లాగలేదు.
పెట్రోలు సీసాలోకి వంచేను.
ప్లగ్గు విప్పి చెంచాడు ఆయిలు పోసి
చక్రం చేత్తో తిప్పేను, మూడు చుట్లు.
లోపలెక్కడో పిస్టను
నిద్రలో పక్కకి ఒత్తిగిలింది.
తాడుకి ముడి వేసేను,
వల చివర మేమిద్దరమే వేసే ముడి.
లాగొద్దని.

మళ్లీ ఆదివారం
ముడి ముడిలాగే ఉంది.
చెక్కగుర్రం మీద కొత్త ప్లగ్గు ఒకటి
కాగితంలో చుట్టి.
కాగితం మీద పెన్సిలు కూడిక:
ఐసు, పెట్రోలు, వల అతుకు, టీలు.
టీలు కూడా రాసేడు.
చివర మూడొందలు తప్పు.
ఎవరి వైపో చెప్పను.

వేట తెరవడం ఇంకా నెల దూరం.
అప్పుడిది లేస్తుందో లేవదో
మదీను కూడా చెప్పలేడు.
కాగితం మొలలో దోపుకుని
కామేశు ఇంటి దారి పట్టేను.
ఈసారి లెక్కకి కూర్చుంటే
ఒళ్లు కాలేదాకా లేవకూడదు.

వెనకనుంచి దానమ్మ కేక:
"టేంకరొచ్చింది!
మీ ఇంజినుకి తానం అక్కర్నేదు గదా,
ఆ డ్రమ్ము ఇలగ దొర్లించు."