రెండో ఆట వదిలాక

జగదాంబ జంక్షన్ దగ్గర, హాలు వెనకాల
బళ్ళ షెడ్డు నాది.
సినిమా చూడను. గోడకి వీపాన్చి వింటాను.
రోజుకి నాలుగుసార్లు ఊరు కూలిపోద్ది,
నాలుగుసార్లూ నా నెత్తిమీద రేకులు అదురుతాయి.

ఎలాగుందని ఎవర్నీ అడగను.
చీటీ ఇచ్చే చేతిలోనే తెలిసిపోద్ది.

మర్రిపాలెం కుర్రాళ్ళు ముగ్గురూ ఒకే బండెక్కి
ఈలలేసుకుంటూ పోయారు, చిల్లర కూడా అడగలేదు.
పొద్దున్నే ఏ షిఫ్టుకెళ్ళాల్సిన చక్రపాణి గారు
హెల్మెట్టు బెల్టుతో కుస్తీ పడుతూ
"మొదటిదానికి నలుగురు. ఇప్పుడు తొమ్మిది మంది.
ఒక్కడికీ సరిపడా పని లేదు" అన్నారు.
ఫిషింగ్ హార్బర్ నూకరత్నం,
నిద్రపోయిన పిల్లని భుజానేసుకుని,
"బాగానే ఉన్నాది గానీ
సముద్రం కిందనుంచి వొచ్చినోడి ఒంటికి
ఇసకే అంటనేదు, సూసేవా?" అంది.

ఒక గుంటడు మాత్రం ఏడుస్తున్నాడు.
వాడి రాగిచెయ్యి హీరో ఇంటర్వెల్‌కే చచ్చిపోయాడట.
"మూడోదాంట్లో లేస్తాడ్లేరా" అన్నాడు తండ్రి.
"లేచీవోడైతే మరి సావడమెందుకు?"
తండ్రి జేబులో చీటీ వెతుక్కున్నాడు,
చాలాసేపు.

హుద్‌హుద్‌కి ఈ రేకులు నిజంగానే ఎగిరిపోయాయి.
వెనక వాయిద్యాల్లేవు. ఎవడూ ఆకాశంలోంచి దిగలేదు.
మర్నాడు నా సైకిలు దొండపర్తిలో దొరికింది,
బెల్లు పనిచేస్తోంది.
గోడ మాత్రం నిలబడింది. ఈ గోడే.

ఒంటిగంట దాటింది.
ఇంకో బండి మిగిలిపోయింది, డెబ్బై ఆరో నంబరు.
లోపలెవడో పేర్లన్నీ అయ్యేదాకా కూర్చున్నట్టున్నాడు.
టీ చల్లారిపోయింది.
వాడికి నచ్చిందో లేదో మరి,
చీటీ చేతికొచ్చేదాకా చెప్పలేను.