ఒరిజినల్ కాదు

మొదటేడు మూడే బళ్లు.
నెల్లిమర్ల దారిలో మూతబడ్డ గోనెల గోదాములో
ఒక అంబాసిడరు, ఒక హెరాల్డు,
చక్రాల్లేక ఇటికల మీద కూర్చున్న జీపు.
చూడ్డానికి వచ్చింది పద్నాలుగు మంది,
అందులో ఐదుగురు వాన వెలిసేదాకా ఆగినవాళ్లు.

వేలం వేసే గొంతు దొరక్క
బెల్లం మార్కెట్టు నుంచి తవిటినాయుణ్ణి తెచ్చారు.
అలవాటు చావక ఆయన
బానెట్టు గోరుతో గీకి, వేలు నాకి,
"పాకం ముదిరింది బాబూ, ఎంతకడుగుతారు?" అన్నాడు.
నవ్వులు ఆగేలోపు జీపు అమ్ముడైపోయింది.

ఆ నవ్వే ఊరంతా పాకింది.
మరుసటేటికి గంటస్తంభం దగ్గర లాడ్జిలు నిండాయి.
రాయపూర్ నుంచి, బరంపురం నుంచి
తెల్లబూట్ల వాళ్లు దిగారు.
సీట్లు కుట్టే ఖాదరు ఇద్దరు కుర్రాళ్లని పెట్టుకున్నాడు.
పెరళ్లలో కోళ్లు గుడ్లు పెట్టే కార్లకి ధర పుట్టింది.
కోళ్లని దింపి, కడిగి, ఫొటోలు తీశారు.
నన్నూ పిలిచారు.
ఏ బండి కడుపులో ఏముందో
ఇజీనారంలో ఇంకెవరికి తెలుసు?

ఐదో ఏడు. నలభై రెండో నంబరు.
టార్పాలిన్ తీయకముందే వాసన పట్టాను.
డాక్టరు కరుణమ్మ ఫియట్టు,
బొండపల్లి దాటి గజపతినగరం గతుకుల్లో
కాన్పుల కేసులకి అర్ధరాత్రులు పరిగెత్తిన బండి.
డాష్‌బోర్డు స్క్రూ మా ఆవిడ కుట్టుమిషనుది.
పెట్రోలు గొట్టానికి చుట్టింది సైకిలు ట్యూబు.
ఎడమ తలుపు గడియ బీరువాది.
చంపావతి వంతెన మీద, హోరువానలో,
లోపల మనిషి అరుస్తుంటే బిగించాను.
లాంతరు ఎవరు పట్టుకున్నారో గుర్తులేదు.

చేతులకి తొడుగులేసుకున్న కుర్రాడు
టార్చి వేసి, అట్ట మీద టిక్కులు పెడుతూ
పైకే చదివాడు.
స్క్రూ, ఒరిజినల్ కాదు.
గడియ, ఒరిజినల్ కాదు.
ట్యూబు దగ్గర ముక్కు మూసుకున్నాడు.
మాటకి పదివేల చొప్పున రేటు దిగింది.

ఒరిజినలయితే ఆ రాత్రే ఆగిపోయేది బాబూ
అందామనుకున్నాను. అప్పటికే
తవిటినాయుడు సుత్తి ఎత్తాడు.
ఇప్పుడాయనకి కోటుంది. బెల్లం వాసన మాత్రం పోలేదు.
ఒకటోసారి.
రెండోసారి దగ్గర, నా వైపు చూస్తూ,
కావలసినదాని కన్నా ఎక్కువసేపు ఆగాడు.
లాంతరు పట్టుకున్న చెయ్యి అప్పుడు గుర్తొచ్చింది.
మూడోసారి.

కొన్న రాయపూర్ ఆయన అడిగాడు,
అన్నీ ఒరిజినల్‌గా మార్చడానికి ఎంతవుతుందని.
పది రోజులు పడుతుందన్నాను.
తీసిన స్క్రూ మాత్రం నాకిచ్చేయాలన్నాను.
ఇంట్లో మిషను
ముప్పయ్యేళ్లుగా ఒకవైపు ఊగుతోంది.