రెండు సంచులు

దేవరకొండ డిపో నుంచి పట్నం దాకా
ఏ తలుపుకు గొళ్లెం ఉన్నదో
ఎక్కడ నల్లాల నీళ్లు రావో
నన్నడుగుర్రి.
కొండమల్లేపల్లి బస్టాండుల ఎడమ దిక్కుది.
చింతపల్లి దాటినంక పెట్రోల్ బంకు,
తాళం మొలకు తగిలేసి ఉంటది.
మాల్‌ల హోటలామె నా మొఖం చూసి
చాయ్ కంటె ముందు చెంబు చూపిస్తది.
పదకొండేండ్ల సంది టిక్కెట్లు కొడుతున్న,
అందుల ఆరేండ్లు పేగు చెప్పినట్టు.

మొదలు గ్యాసన్నరు.
ఆనంక టీబీ అని తొమ్మిది నెలలు గోళీలు మింగిచ్చిన్రు,
ఉచ్చ ఎర్రగైంది గని నొప్పి తగ్గలె.
పేగుపూత అని మా అత్త ఈదమ్మ పసరు పోయించింది.
ఆఖరికి క్రోన్స్ అని పేరు తేలిన నాడు
నేను ఏడ్వలె.
ఇంత దూరం టిక్కెట్టు లేకుంట వచ్చినోడు
దొరికినట్టయింది.

డాక్టరమ్మ చీటీ ఎనుక బొమ్మ గీసింది.
"ఇక్కడ సన్నబడ్డది. మందులకు ఇంక లొంగదు.
కోసెయ్యాలె."
ఎంత, అన్న.
"మూరెడు."
పూలు కొనేటప్పుడు తప్ప
మూర అన్న మాట నేను విన్నది లేదు.
"కొన్నాళ్లు కడుపు మీద సంచి ఉంటది" అన్నది మెల్లగ.

దసరా రద్దీ పోనీ అన్న.
బిడ్డ పదో తరగతి పరీక్షలు కానీ అన్న.
సైదులు మిషన్ తొక్కుడు ఆపి
"నీ ఇష్టం" అన్నడు.
ఆ రెండు మాటలంత బరువు
నా బస్సుల ఏ మూటా ఎక్కలె.

యాచారం కాడ ఒకనాడు పట్టేసింది.
లచ్చిరాం నన్నడగకనే బండి పక్కకాపిండు.
తుమ్మచెట్ల ఎనుక నేను,
రోడ్డు మీద నలభై ఏడు మంది.
తిరిగొచ్చి చూస్తె
కాలేజీ పిల్ల నా తోలు సంచి ఒళ్లో పెట్టుకొని
అందరికీ చిల్లర ఇచ్చేసింది.
లెక్క రూపాయి తప్పలె.
ఎవ్వరూ తిట్టలె. హారన్ కొట్టలె.
తిట్టినా బాగుండు.
ఆ రాత్రి అన్నం ముందల కూసొని
కోపిచ్చుకుంట, అన్న.

రోజూ వే బిల్లు మీద చేసే సంతకమే.
ఆడ కాయితం మీద చెయ్యబోతె
ఇంటిపేరు యాదికి రాలె.

మెలకువొచ్చినంక దుప్పటి ఎత్తి చూసిన.
బొడ్డుకు కుడి పక్క
తడితడిగ, ఎర్రగ, మొగ్గ లెక్క పేగు కొన.
ముట్టుకుంటె నొప్పి లేదు,
ఎవలదో పరాయిది ముట్టుకున్నట్టు.
దాని మీద సంచి.
భుజానికి ఒకటి మోసినదాన్ని,
ఇది అడగకుంట నిండుతది,
పక్కమంచపామె మాట్లాడుతుంటె నడుమ మోగుతది.
మొదటి వారం దాని దిక్కు చూడలె,
నర్సుతోని కూడ గోడ దిక్కు తిరిగి మాట్లాడిన.

ఇంటికొచ్చినంక సైదులు టేపు తెచ్చిండు.
మొగ్గ చుట్టు కొలిచి, సుద్దతోని గుండ్రం గీసి,
జాకెట్ల మెడలు కత్తిరించే కత్తెరతోని
సంచి పట్టీకి బొక్క కోసిండు.
పోగు తేడా లేదు.
"బిగుతుగున్నదా?" అన్నడు,
గిరాకీని అడిగినట్టే.
అప్పుడు ఏడ్చిన, ఇన్నేండ్లది.

జొన్నరొట్టె వద్దు, పల్లీలు వద్దు, తొక్కు వద్దు.
"మరేం తింటది మనిషి?" అని
ఫోన్ల డైటు పిల్లతోని కొట్లాడింది ఈదమ్మ.
ఫోన్ పెట్టేసి
అన్నం మెదిపి మెదిపి, పెరుగు కలిపి,
చేతిల పెట్టింది.

నాలుగు నెలలకు పేగు లోపలికి కలిపిన్రు.
ఎన్నో రాత్రులు నిద్రల చెయ్యి అక్కడికే పోయేది,
నిండిందా అని.
డబ్బల మూడు సంచులు మిగిలినయి.
పారెయ్యలె.
"ఇది పొయ్యేది కాదు, పండుకుంటది" అన్నది డాక్టరమ్మ.
పండుకున్నదాన్ని లేపకుంట నడవాలె నేను.

వానకాలం మొదట్ల మళ్ల బండెక్కిన.
తోలు సంచి ఎడమకు మార్చుకున్న,
కుట్లకు ఒరుసుకోకుంట.
లచ్చిరాం అద్దంల చూసి ఏమనలె.
చింతపల్లి దాటంగనే
కన్ను దానంతటదే బంకు దిక్కు పోయింది.
మొలకు తాళం ఉన్నది.
రైట్, రైట్.