మన, తన

మర్రిగూడ చర్చి వరండాల
ఆదివారం పొద్దుగూకినంక
జక్రయ్య లేచి నిలబడ్డడు.
పట్నంల ఏడాది సెమినరీ చదివి
ఒక కొత్త బ్యాగు, ఒక పాత ప్రశ్న తెచ్చుకున్నోడు.
"త్రిత్వం అన్న మాట
మొదటి పుట నుంచి ఆఖరి పుట దాక
ఒక్కచోట చూపియ్యిండ్రి
రేపే మీసం తీసేస్త."

లేదు. ఆ మాట లేదు.
నేను తెలుగు పంతులును,
లేనిది ఉన్నదని ఎట్లంట?
సుద్దముక్కల డబ్బా అట్ట వెనక
రాత్రి కూసొని రాసుకొచ్చినవి మాత్రం చదివిన:

యోర్దాను నీళ్లల్ల నడుముల్లోతు కొడుకు,
దిగుతున్న పావురం,
మబ్బు చీల్చుకొని ఒక గొంతు.
ముగ్గురూ ఒకే గడియల.
ఒకడే మూడు వేషాలు గట్టిండనడానికి
తెర దించే సమయం ఎక్కడున్నది?

గలిలయ కొండ మీద ఆఖరి ఆజ్ఞ.
మూడు పేర్లు వరసగ చెప్పి
నామములు అనలే,
నామము అన్నడు.
బడిల పిల్లలు గట్ల రాస్తే
ఎర్రసిరాతో సున్న చుడుత.
ఆ రాత్రి సున్న చుట్టబోయి
నా చెయ్యే ఆగింది.

జక్రయ్య నవ్విండు.
"సృష్టినాడు 'చేద్దాం' అన్నదీ వ్యాకరణమేనా సార్?
రాజుల మాట తీరది.
ఒక్కడే ఉండి మేమంటడు."

నా దగ్గర జవాబు ఉన్నది గాని పొడుగుది,
కంచంల అన్నం సల్లారేంత పొడుగు.

అప్పటిదాక గోడకానుకొని కూసున్న తబితమ్మ
పుస్తకం ఒళ్లెకు లాక్కున్నది.
బోరునీళ్లు ఆమె మోకాళ్లను
ముప్పై ఏండ్లకే వంచినయి,
వేళ్లను యాభైకి.
రాత్రిబడిల అక్షరాలు నేర్చింది అరవైల.
వంకర వేలు లైను మీద నడిసింది,
గతుకుల తొవ్వల బండి నడిసినట్టు.
మ.
న.
ఆగింది.

"కొడుకా, ఈడ 'మా' అనలేదేంది?"

ఎవ్వరం మాట్లాడలే.

"దొర మా అంటడు.
మా బాయి, మా బాట, మా చెల్క.
మా అంటే నువ్వు గాదని.
నా బతుకంత ఇన్న గా మాట.
మన అనాల్నంటే
ఎదురుంగ ఒకలుండాలె,
ఆళ్లు లోపటోళ్లయి ఉండాలె.
అప్పటికి మనిషింక పుట్టనేలేదాయె.
ఎవలతోని అన్నడు?"

"దూతలతోని," అన్నడు జక్రయ్య. గొంతు కొంచెం తగ్గింది.

ఆమె వేలు కిందికి దిగింది.
"మరి ఈడ సూడు.
తన పోలికె అన్నడు.
దూతలదంటలేడు.
పైన మన. కింద తన.
గంతే గద రాసున్నది."

నాకు తెల్సు,
హీబ్రూల మనకూ మాకూ వేరు మాటలు లేవని.
అది మన తెలుగుకున్న ఇబ్బంది,
మన తెలుగుకున్న భాగ్యం.
ఎప్పుడో ఒక తర్జుమాదారు
బత్తి కింద కలం ఎత్తిపట్టి
ఈ రెండక్షరాల కాడ
ఎంతసేపు కూసున్నడో.
పొరపాటే పడ్డడో ఏమో.
కాని సిలువకు ముందటి రాత్రి
కొడుకు తండ్రితోని మాట్లాడేకాడ గూడ
మనము అనే రాసిండు.
అదే రాత్రి శిష్యునితోని, మేము వస్తం,
నీ దగ్గర కాపురముంటం అన్నకాడ
మేము అనే రాసిండు.
బయట నిలబడ్డోని ఇంటికొచ్చే మేము
నేను ఏ వ్యాకరణంలా చూడలే.

జక్రయ్య మీసం అట్లనే ఉన్నది.
"ఇంకో వాక్యం ఉన్నది," అన్నడు,
బ్యాగు జిప్పు తీసుకుంట.
"తిన్నంక," అన్నది తబితమ్మ.
"మనం తిందాం లేండ్రి."

ఆమెను లేపాల్నంటే ఇద్దరు గావాలె.
ఒక రెక్క నేను పట్టిన,
ఒక రెక్క జక్రయ్య.
బత్తాయి తోటల మీది గాలికి
నా అట్టముక్క
వరండాలకెళ్లి ఎటో కొట్టుకపోయింది.